నాలుగు మిల్లీమీటర్ల భయానికి టన్నుల కాంక్రీటు

పునాది పైల్‌కు, అంటే భవనం కింద నేలలోకి దించే కాంక్రీటు స్తంభానికి, వేడి తగిలితే ఏం చేయాలన్న ప్రశ్నకు మన ఇంజినీరింగ్ పెద్దలు ఏనాడో శాశ్వత సమాధానం కనిపెట్టారు: పైల్‌ను ఇంకా లావు చేయాలి. కారణం అడగడం అమర్యాద కిందికి వస్తుంది.

ఎనర్జీ పైల్ అంటే వింత వస్తువేమీ కాదు. భవనం బరువు మోయడానికి ఎలాగూ భూమిలోకి దించే కాంక్రీటు పైల్‌లోనే, లోపలి ఇనుప కడ్డీల చట్రానికి (కేజ్‌కు) ప్లాస్టిక్ పైపులు కట్టి, వాటిలో నీరు తిప్పి, వేసవిలో భవనంలోని వేడిని నేలకు అప్పగిస్తారు, చలికాలంలో తిరిగి తెచ్చుకుంటారు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దేశాల్లో 1980ల నుంచి ఈ పని జరుగుతోంది. జ్యూరిక్ విమానాశ్రయంలో ఒక టెర్మినల్ భవనం కింద ఇటువంటి పైల్స్ 300 పైచిలుకు ఉన్నాయి. ఆ భవనం ఇంతవరకూ ఎగిరిపోలేదు. అక్కడ ఎగురుతున్నవి విమానాలు మాత్రమే.

కానీ ఈ సంగతి సమావేశ మందిరం తలుపు దాటి లోపలికి రాదు. లోపల ఏసీ కన్సల్టెంట్ గారు తమ లెక్కలు చూపించి, పైల్ ఒక 20 డిగ్రీల దాకా వేడెక్కవచ్చునని సెలవిస్తారు. గది ఒక్కసారిగా గంభీరమవుతుంది. "అంటే పైల్ పొడవు పెరుగుతుందా అండీ?" అని స్ట్రక్చరల్ కన్సల్టెంట్ గారు, ఇంట్లో పాము దూరిందని విన్నంత కంగారుగా అడుగుతారు. "నా పని పైపు వరకే సార్, కాంక్రీటు మీది" అని ఏసీ వారు తప్పుకుంటారు. అందరూ సాయిల్ కన్సల్టెంట్ గారి వైపు తిరుగుతారు. ఆయన తన రిపోర్టును ఛాతీకి హత్తుకుని, అందులో మట్టి గురించి మాత్రమే ఉంటుందని, మట్టి తనంతట తాను ఎవరినీ వేడి చేయలేదని విన్నవించుకుంటారు. అరగంట చర్చ తరువాత వారందరినీ ఏకం చేసే మహావాక్యం వెలువడుతుంది: "ఎందుకైనా మంచిది, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ పెంచుదాం." అంటే అవసరానికి మించి ఉంచే భద్రతా మిగులు. డ్రాయింగ్ మీద 60 సెంటీమీటర్ల వ్యాసం 75 అవుతుంది, 20 మీటర్ల పొడవు 25 అవుతుంది. మూల కుర్చీలో కూర్చున్న కుర్ర ఇంజినీరు చెయ్యెత్తి, "సార్, లావు పెంచితే వేడివల్ల వచ్చే బలం కూడా పెరుగుతుంది కదా" అంటాడు. టీలు ఇంకా రాలేదేమో చూసి రమ్మని అతణ్ని బయటికి పంపుతారు.

ఆ కుర్రవాడు చెప్పినదే నిజం. కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. 20 మీటర్ల పైల్‌ను 20 డిగ్రీలు వేడి చేస్తే, అడ్డేమీ లేనప్పుడు, మొత్తం సాగుడు 4 మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న మట్టి, పైనున్న భవనం, కిందనున్న గట్టి పొర కలిసి ఆ సాగుడును బొత్తిగా అడ్డుకుంటే, 60 సెంటీమీటర్ల పైల్‌లో పుట్టే అదనపు బలం సుమారు 170 టన్నులు. అదే పైల్‌ను 75 సెంటీమీటర్లు చేస్తే ఆ బలం సుమారు 265 టన్నులు. భవనం బరువువల్ల కలిగే ఒత్తిడి లావు పెంచితే తగ్గుతుంది, కాదనను. కానీ ఏ వేడి పేరు చెప్పి లావు చేశారో, ఆ వేడివల్ల కలిగే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 6 న్యూటన్ల దగ్గర, వెంట్రుకవాసి కూడా తగ్గకుండా అలాగే కూర్చుంటుంది. ఇక పొడవు పెంచారా, మట్టి పట్టు ఇంకా బిగిసి, కాగితం మీది ఆ గరిష్ఠ బలానికి పైల్ మరింత చేరువవుతుంది.

నిజమైన నేలలో మట్టి కొంత లొంగుతుంది కాబట్టి పైల్ కొంత సాగుతుంది, కొంత బిగుసుకుంటుంది. నడుమ ఎక్కడో ఒక బిందువు కదలకుండా ఉంటుంది. దానికి పైభాగం పైకి, కింది భాగం కిందికి జరుగుతాయి. చల్లబడితే ఇదంతా తిరగబడి, అడుగు భాగంలో లాగుడు బలం కూడా రావచ్చు. అందుకే ఇనుము పైల్ కొస దాకా దించాలి. దీన్ని ఊహించనక్కరలేదు, కొలిచినవారున్నారు. లోజాన్‌లోని స్విస్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1990ల చివర, భవనం ఇంకా కడుతుండగానే, దాని కింద దాదాపు 26 మీటర్ల పైల్‌ను సుమారు 20 డిగ్రీలు వేడి చేసి చూశారు. పైన భవనం బరువు పడకముందు పైల్ తల లేచింది దాదాపు 4 మిల్లీమీటర్లే. 2007లో లండన్‌లోని లాంబెత్ కాలేజీ ఆవరణలో 23 మీటర్ల పరీక్షా పైల్ మీద 120 టన్నుల బరువు ఉంచి, సాగుడు, వేడి కొలవడానికి లోపల ఆప్టికల్ ఫైబర్ అమర్చి, వారాల తరబడి చల్లబరిచి, ఆ తరువాత వేడి చేశారు. చల్లబడినప్పుడు కొద్దిగా దిగింది, వేడెక్కినప్పుడు కొద్దిగా లేచింది, బరువును మోస్తూనే ఉంది.

భయపడవలసినవి వేరే ఉన్నాయి. కొన్ని పైల్స్ తలలను కలిపి కట్టే కాంక్రీటు దిమ్మె, అంటే ఒకే పైల్ క్యాప్, కింద సగం పైల్స్‌లో వేడి నీరు తిప్పి మిగతా సగాన్ని చల్లగా వదిలేస్తే, లేచే పైల్ ఎక్కువ బరువును తలకెత్తుకుంటుంది, పక్కనున్న చల్లని పైల్ ఆ మేరకు తన బరువు దించుకుంటుంది. ఏ పైల్‌కు పైపు కట్టాలన్న నిర్ణయం లావు కన్నా ముఖ్యం. పైగా లోజాన్‌లో చలికాలం వస్తుంది, నేల తన వేడిని తిరిగి ఇచ్చేస్తుంది. మన తెలుగు నేల మీద భవనానికి కావలసింది ఏడాది పొడవునా చల్లదనమే కనుక, నేలకు వేడి ఇవ్వడమే తప్ప తీసుకోవడం ఉండదు, ఏటికేడు పైల్ చుట్టూ మట్టి వేడెక్కుతూ పోతుంది. ఈ రెండు మాటలూ ఆ సమావేశంలో ఎవరూ ఎత్తరు. పైల్ తల పైభాగాన్ని చెక్కి తీసేటప్పుడు (చిప్పింగ్) జాక్‌హామర్ కింద పైపులు తెగిపోతాయన్న మాట అసలే ఎత్తరు.

ఇంతవరకు నేను మర్యాదగానే రాశాను. కానీ ఎస్టిమేట్ చివరి పేజీలో ఉండే ఒక్క వరుస చూశాక మర్యాద నిలవదు. పరీక్షా పైల్, అందులో సాగుడును కొలిచే స్ట్రెయిన్ గేజ్‌లు, ఉష్ణోగ్రత సెన్సర్లు: ఆ వరుసను ఎర్ర సిరాతో కొట్టేస్తారు. లాబీ పాలరాయి ఖర్చు రాసిన వరుస మీద ఆ సిరా చుక్క కూడా పడదు. ఇలా ప్రతి చోటా కొలతను కొట్టేసి, మన నేలల్లో కొలిచిన సమాచారం లేదు కాబట్టే లావు పెంచామని మళ్లీ వాళ్లే చెబుతారు. కర్బనం తగ్గిస్తామని ఫ్లాట్ అమ్మేటప్పుడు ప్రమాణం చేసి, ఆ కర్బనాన్నే అదనపు సిమెంటు రూపంలో పైల్ గుంతలోకి పోసి, దాని ఖరీదును చదరపు అడుగు ధరలో కలిపి, పునాదిని జన్మలో చూడలేని కొనుగోలుదారు చేత ఇరవై ఏళ్లు ఈఎంఐలు కట్టించడాన్ని జాగ్రత్త అనరు. బద్ధకం అంటారు, మోసం అని కూడా అంటారు.

మొదటి పైల్ కేజ్‌కు నాలుగైదు లోతుల్లో గేజ్‌లు కట్టండి. బరువు పెట్టి ఒక నెల వేడి చేయండి, మరొక నెల చల్లబరచండి, అంకెలు అందరికీ కనబడేలా గోడకు అంటించండి. లెక్క చూడడానికి ఆ కుర్ర ఇంజినీరును పిలవండి, టీలు ఇంకెవరైనా తెస్తారు. అప్పటిదాకా డ్రాయింగ్ మీది 60ని ముట్టుకోకండి.