క్యాథలిక్ ఆసుపత్రుల్లో ప్రార్థన తప్ప వైద్యం ఉండదా?

"క్యాథలిక్కులకి బాధపడటమే పుణ్యం, అందుకే పేదలకి ప్రార్థన తప్ప వైద్యం చెయ్యరు, నొప్పికి మందివ్వరు, చేసే కాస్తా మతం మార్చడానికే" అని ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఒక్కోటీ చూద్దాం.

మొదటిది ప్రార్థన సంగతి. హవాయిలో కుష్ఠు రోగుల్ని మొలొకాయ్ దీవికి తరిమేస్తే 1873లో అక్కడికెళ్ళిన ఫాదర్ డామియన్ పూజలు చేసి ఊరుకోలేదు, పుళ్ళు కడిగి కట్లు కట్టాడు, ఇళ్ళు లేపాడు, శవపేటికలు కూడా తనే చేశాడు, చివరికి అదే జబ్బుతో 1889లో పోయాడు. రోగిని చూసుకుంటే నన్ను చూసుకున్నట్టే అని క్రీస్తు చెప్పిన మాటని వీళ్ళు అంత సీరియస్‌గా తీసుకున్నారు మరి. 1888లో అక్కడికొచ్చిన మదర్ మరియాన్ కోప్ అనే నన్ అయితే చేతులు కడుక్కోవడం దగ్గర అస్సలు రాజీపడేది కాదు, 1918లో చనిపోయేదాకా ఆమెకి ఆ జబ్బు అంటలేదు.

ఇక నొప్పి. ఇందులో కొంత నిజముంది, దాచక్కర్లేదు. మదర్ థెరిసా కలకత్తా హోమ్‌లో నొప్పికి గట్టి మందులు లేవని 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రికలోనే వచ్చింది, ఆ విమర్శ న్యాయమైనదే. కానీ ఆ ఒక్క హోమ్‌ని చూపించి మొత్తం మతానికే అంటగడితే ఎలా? నొప్పి తగ్గించడానికే ఇస్తుంటే, వేరే దారి లేకపోతే, ఆయుష్షు కాస్త తగ్గినా ఆ మందివ్వొచ్చని 1957లో మత్తుమందు ఇచ్చే డాక్టర్లకి చెప్పింది సాక్షాత్తూ పోప్ పయస్ 12. మరుసటేడే సిసిలీ సాండర్స్ అనే డాక్టర్ (ఈవిడ క్యాథలిక్ కాదు, ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చికి చెందినావిడ) లండన్‌లో క్యాథలిక్ సిస్టర్లు నడిపే సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో (చివరి దశ రోగుల్ని చూసుకునే చోటు) పని మొదలుపెట్టింది. రోగి నొప్పికి తాళలేక అడిగేదాకా ఆగకుండా, టైముకి, నొప్పి తిరిగి రాకముందే మార్ఫిన్ ఇస్తే ఏమవుతుందో అక్కడి రోగుల రికార్డులతోనే చూపించింది. ఇవాళ్టి పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బులున్నవాళ్ళ నొప్పినీ బాధనీ తగ్గించే వైద్యం, చాలావరకు అక్కడినుంచి ఎదిగిందే.

మతమార్పిడి ఎక్కడా జరగలేదని నేననను, కానీ సేవని అందుకు సాధనంగా వాడకూడదని 2005లో పోప్ బెనెడిక్ట్ 16 రాసిన లేఖలోనే ఉంది, కాబట్టి అలా చేసినవాళ్ళు తమ చర్చి మాటే కాదన్నట్టు. అసలు ఆస్ట్రియా డాక్టర్ అన్నా డెంగెల్ సంగతి చూడండి. రావల్పిండిలో మగ డాక్టర్లకి చూపించుకోలేక కాన్పుల్లో చచ్చిపోతున్న ముస్లిం ఆడవాళ్ళని చూసి 1925లో మెడికల్ మిషన్ సిస్టర్స్ అనే, వైద్యం చేసే నన్‌ల సంఘం పెట్టింది. కాన్పులు చెయ్యడానికి నన్‌లకి అప్పట్లో చర్చి రూలే అడ్డు, 1936లో రోమ్ దాన్ని సడలించేదాకా ఆవిడ వదల్లేదు.