మహారాజశ్రీ క్రోమ్ పూత గారి సముఖమునకు

అయ్యా,

ఇక్కడ నేను క్షేమం. ఇంజిన్ క్షేమం మాత్రం తమరే చెప్పాలి.

కిందటేడాది ఇంజిన్ విప్పించినప్పుడు, ఎలాగూ విప్పాం కదా అని తమరిని పిలిచాను. ఈ "ఎలాగూ విప్పాం కదా" ఎన్ని జేబులు ఖాళీ చేసిందో తమరికి తెలియనిది కాదు. వాల్వ్ కవర్ (ఇంజిన్ తల మీది మూత), ఎగ్జాస్ట్ గొట్టాలు, ఆల్టర్నేటర్ బ్రాకెట్, చివరికి ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆయిల్ పాన్ కూడా తమరికే అప్పగించాను. ఆయిల్ పాన్ అందం చూడాలంటే కారు కింద వెల్లకిలా పడుకోవాలి. పడుకుని చూశాను కూడా.

తమరి గుట్టు ప్లేటింగ్ చేసేవాళ్లే విప్పారు. అడుగున రాగి, దానిమీద నికెల్, ఆ పైన తమరు. మందం మామూలుగా ఒక్క మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కూడా ఉండరట! తుప్పును ఆపే చాకిరీ అంతా నికెల్‌ది, పేరు మాత్రం తమరిది. పోనీ, అడుగు లోహం మీద గీతలనైనా కప్పుతారా అంటే, ఎత్తి మరీ చూపిస్తారు.

ఎగ్జాస్ట్ గొట్టాల సంగతికొస్తే, నెల తిరక్కుండానే సిలిండర్ హెడ్ దగ్గరి వంపులో పసుపు, తర్వాత ఊదా, ఆ తర్వాత నీలం. మురికి అనుకుని చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దాను. మురికైతే పోయేది. అది వేడికి కమిలిన రంగు.

తమరి మీద అలిగి బ్రాకెట్లకు పౌడర్ కోటింగ్ గారిని, అంటే రంగుపొడి చల్లి కాల్చే పూతను, పిలిచాను. సుమారు 200 డిగ్రీల ఓవెన్‌లో కాలి గట్టిపడ్డవారు, రాయి తగిలినా ఓర్చుకుంటారు. ఆరేడు వందల డిగ్రీలకు ఎక్కే ఎగ్జాస్ట్ జోలికి మాత్రం రారు. ఆయనతో ఒకటే చిక్కు, ఎక్కడ ఆగాలో తెలీదు. ముందే టేపు వేసి కప్పకపోతే బోల్టు మరల్లోకీ, ఎర్త్ వైరు బిగించే చోటికీ పాకేస్తారు. పాకేశారు. అంతా బిగించి తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే. రెండు రోజులు స్టార్టర్ మోటారును నోటికొచ్చినట్టు తిట్టాను. తీరా చూస్తే, ఎర్త్ బోల్టు కింద కరెంటుకు అడ్డుపడ్డ గోరంత పూత గీకగానే ఇంజిన్ లేచి కూర్చుంది. స్టార్టర్‌కు క్షమాపణ ఇంకా చెప్పలేదు.

కరెంటుతో లోహం పైపొరనే పూతగా మార్చే అనోడైజింగ్ గారి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఉక్కు వైపు కన్నెత్తి చూడరు, అల్యూమినియం లాంటి కొన్ని లోహాలే కావాలి. అక్కడైనా అద్దిన రంగు ఎండకూ వేడికీ వెలిసిపోతుంది.

మీ అందరికీ ముందు నడిచే, సన్నని గాజుపూసలు చిమ్మి లోహాన్ని శుభ్రం చేసే బ్లాస్టింగ్ ఒకటుంది కదా, అసలు భయం దానితోనే. వాల్వ్ కవర్ లోపల నూనె చిమ్మకుండా అడ్డం పెట్టిన రేకు వెనక ఆ పూసలు నక్కి కూర్చుంటాయి. మా మెకానిక్ రేకు విప్పి, కవర్‌ను తెల్లకాగితం మీద బోర్లించి తట్టాడు. పంచదారలా రాలాయి. అవే నూనెలో కలిసి బేరింగుల్లోకి పోయుంటే ఇంజిన్ మళ్లీ విప్పేవాళ్లం, ఈసారి "ఎలాగూ" లేకుండా.

సిలిండర్ హెడ్‌ను బిగించే బోల్టులకు కూడా తమరి మెరుపు కావాలన్నాను. మెకానిక్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ప్లేటింగ్ తొట్టిలో గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడుతుందట. వెంటనే వేడిలో పెట్టి దాన్ని వదిలించకపోతే, బిగించిన బోల్టు ఏదో ఒకరోజు చడీచప్పుడు లేకుండా తెగుతుందట. నోరు మూసుకున్నాను.

1957 నాటి ఫెరారీ 250 టెస్టా రోసా రేసు కారు పేరుకు అర్థం తమరికి తెలుసా? ఇటాలియన్‌లో ఎర్ర తల అని. వాల్వ్ కవర్లకు వేసిన ఎర్ర రంగును బట్టి వచ్చిన పేరు. ఒక డబ్బా రంగుకు దక్కిన గౌరవం అది. పైన పటారం లోన లొటారం అని తమరిని అనడం లేదు, తమరికి లోన అంటూ ఏమీ లేదు కాబట్టి.

ప్రస్తుతం ఎగ్జాస్ట్‌కు సిరామిక్ పూత, బ్లాక్‌కు వేడికి తట్టుకునే బూడిదరంగు పెయింటు వేయించాను. ఎయిర్ క్లీనర్ మూత మాత్రం తమరికే వదిలాను. అక్కడ వేడీ తక్కువే, పనీ తక్కువే. బానెట్ ఎత్తినప్పుడు ముక్కుమీద గ్రీజు ఉందో లేదో చూసుకోవడానికి బాగా పనికొస్తున్నారు.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు

తా.క.: ఆయిల్ పాన్ ఇంకా మెరుస్తూనే ఉంది. నేను తప్ప ఎవరూ చూడలేదు.