మనసులో మాట చెప్తూ బీపీ చూసుకోండి

పెద్దవాళ్ల కోసం చేసిన బీపీ యాప్ పెద్దవాళ్లకి కొరుకుడు పడుతుందో లేదో చూద్దామని ఇద్దరు కుర్రాళ్లు కాకినాడలో ఒక రిటైర్డ్ లెక్కల మేష్టారింటికి వచ్చారు. ఒకడు అడగడానికి, ఒకడు రాసుకోవడానికి. ప్లాన్ ప్రకారం మొత్తం 45 నిమిషాలు. అందులో 20 నిమిషాలు "మీదే ఊరు బాబూ", "నాన్నగారేం చేస్తారు" దగ్గరే అయిపోయాయి. ఇంటర్వ్యూ చేస్తున్నది తామేనని కుర్రాళ్లు చివరిదాకా నమ్మారు.

ఈలోగా అమ్మగారు స్టీలు గ్లాసుల నిండా కాఫీ తెచ్చారు. కాఫీ తాగాక అరగంట దాకా బీపీ చూడకూడదని మెషిన్‌తో వచ్చిన చీటీలో ఉంది. చీటీ అట్టపెట్టెలో ఉంది. అట్టపెట్టె అటక మీద ఉంది.

"పరీక్ష మీకు కాదండీ, యాప్‌కి" అన్నాడు పెద్దకుర్రాడు. సర్వీసంతా పరీక్షలు పెట్టిన మనిషి ఈ మాట నమ్ముతాడా? మేష్టారు పెన్ను జేబులో సర్దుకున్నారు.

మొదటి ప్రశ్న, పుట్టినతేదీ. 1948 జూలై 1. అంటే స్కూల్లో చేర్చుకున్న పంతులుగారు దయతో ఇచ్చిన తేదీ. తెర మీద మాత్రం ఈ నెల క్యాలెండర్ తెరుచుకుంది, పక్కన బుల్లి బాణం. ఒక్కసారి నొక్కితే ఒక్క నెల వెనక్కి. "77 ఇంటూ 12... 924 సార్లు నొక్కాలి బాబూ, తక్కువలో తక్కువ" అన్నారు మేష్టారు. పైనున్న సంవత్సరం మీద వేలు పెడితే ఏళ్ల పట్టీ వస్తుంది. కానీ అది చూడ్డానికి బటన్‌లా ఉండదు, పాఠం పేరులా ఉంటుంది. పాఠం పేరు మీద ఎవరు వేలు పెడతారు? తేదీ, నెల, సంవత్సరం అని మూడు గళ్లిచ్చి అంకెలు కొట్టుకోమంటే పది సెకన్ల పని.

తర్వాతి పేజీలో మేష్టారు కళ్లజోడు పైకి తోసుకుని అడిగారు: "ఇది ఏ రకం పోటు?"

తెర మీద 'రకపోటు' అని ఉంది. రాసింది రక్తపోటే. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు చూసుకుని డబ్బా గీశారు, పాపం 'త' ఒత్తు గడప కిందపడిపోయింది. తెలుగుకి పైన గుడులున్నాయి, కింద ఒత్తులున్నాయి, వరసకి వరసకి మధ్య జాగా ఎక్కువ కావాలి. దానికితోడు అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి వెళ్లాడు. అక్షరం పెరిగింది, డబ్బా పెరగలేదు.

ఇక అసలు ఘట్టం. జబ్బకి పట్టీ చుట్టించి, కుర్రాడు తన కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు: "చేస్తున్నప్పుడు మీ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్తూ ఉండండి." వెబ్‌సైట్లని పరీక్షించడానికి ఇది మంచి పద్ధతే. బీపీకి మాత్రం కాదు, మాట్లాడితేనే పెరిగే వస్తువది.

మేష్టారు బుద్ధిగా మొదలుపెట్టారు. "బిగుస్తోంది... ఇంకా బిగుస్తోంది... మా రెండో అల్లుడు గుర్తొస్తున్నాడు..."

అప్పటికి ఆయన పడక్కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నారు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాల్సింది, కిందికి వేలాడుతోంది. చొక్కా చెయ్యి పైకి మడిచారు, ఆ మడత పట్టీకన్నా గట్టిగా పట్టేసింది. కాఫీ లోపలికెళ్లి ఇంకో దారి వెతుక్కుంటోంది, అతిథులుండగా లేవడం మర్యాద కాదని ఆయన ఆపుకున్నారు. ఆ మడత లెక్క తప్పిస్తుంది, మిగతావన్నీ బీపీని పైకి లాగేవే. అల్లుడి వాటా వేరు.

168/96. తెరంతా ఎరుపు.

160 దాటితే ఇంట్లోవాళ్లకి కబురు పంపడం ఈ యాప్ గొప్ప సుగుణం. ఒక్క రీడింగ్ చాలట. ఒక నిమిషం ఆగి ఇంకోసారి చూడటం, రెండిటి సగటు కట్టడం లాంటి చాదస్తాలేవీ దానికి లేవు. మెషిన్ పక్కన 1, 2 అని ఓ స్విచ్ కూడా ఉంది, 1 మేష్టారు, 2 అమ్మగారు. అది నిన్నటినుంచీ 2 మీదే ఉంది.

ఇక్కడ ఉదయం పదిన్నర, న్యూజెర్సీలో ఉన్న అమ్మాయికి రాత్రి ఒంటిగంట. అమ్మగారి ఫోన్ మోగింది. "అమ్మా, పడుకున్నావా? లేవకు!"

"నేను పడుకుంటే వీళ్లకి పెసరట్లు ఎవరు పోస్తారే?"

పెసరట్లయ్యాయి, అరగంట గడిచింది, మేష్టారు పెరట్లోకి వెళ్లొచ్చారు. వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆన్చి, చొక్కా చెయ్యి ఊడదీసి, మోచేతి మడతకి రెండువేళ్ల పైన పట్టీ చుట్టి, ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నారు. 134/80. ఈసారి చిన్నకుర్రాడు తెరని వీడియో తీశాడు. తీశాక దాన్ని ఆయనకే చూపించి "ఇక్కడ ఎందుకు ఆగారు?" అని అడిగాడు. ముందే ఇలా చేస్తే న్యూజెర్సీ నిద్రపోయేది.

వెళ్తూ వెళ్తూ అడిగారు, "ఐదుకి ఎన్ని మార్కులండీ?"

"ఐదు వేసుకో బాబూ, పాపం ఎండనపడి వచ్చారు." ఇంటికొచ్చినవాళ్లకి మార్కులు తగ్గించే అలవాటు ఇక్కడ లేదు. వేసుకున్నారు కూడా.

మర్నాడు అమ్మగారి ఫోన్‌కి యాప్ సలహా పంపింది, ఉప్పు తగ్గించమని. పప్పులో సగమే పడింది. మేష్టారు ఒక ముద్ద తిని, మార్కులు దించమని చెప్పడానికి ఎవరున్నారా అని యాప్ అంతా వెతికారు. అట్టడుగున ఓ బటన్ దొరికింది. 'సంప్రదించండి'లో ర ఒత్తు తెగిపోయింది.

"రిటైరయ్యాక ఇంకేం సంపాదించమంటాడే వీడు?" అన్నారు వంటింటి వైపు తిరిగి.