మెత్ చికిత్సలో మనుషులే మందు

హెరాయిన్ అలవాటైన వాళ్లకు మెథడోన్, బుప్రెనార్ఫిన్ అనే మందులు ఉన్నాయి. డోసు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే నలొక్సోన్ ప్రాణం నిలబెడుతుంది. మెత్ అని పిలిచే మెథాంఫెటమిన్ అనే మత్తుమందు దగ్గరకొచ్చేసరికి అంత నమ్మకమైన మందు మన చేతిలో ఒక్కటీ లేదు. నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్రలు కలిపి ఇచ్చిన ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. గుణం కనిపించింది 13.6 శాతం మందికి. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) తీసుకున్న వాళ్లలో 2.5 శాతానికి. ఆ కొద్దిపాటి ఆశ కూడా విలువైనదే. మిగిలిన వాళ్లందరికీ దిక్కు మాత్రం ఎదురుగా కూర్చునే కౌన్సెలరూ, నర్సూ. అందుకే వాళ్లను తయారు చేసుకోవడానికి పెట్టే ఖర్చును చికిత్స ఖర్చుగానే లెక్కగట్టాలంటాను.

మెత్ ఆపిన మూడో రోజు సెంటర్‌కు వచ్చిన మనిషిని ఊహించుకోండి. రోజుల తరబడి నిద్ర లేని ఒళ్లు ఒక్కసారిగా కూలబడుతుంది. కుర్చీలోనే తల వాలిపోతుంది. అడిగిందే మళ్లీ అడగాలి. వచ్చే మంగళవారం రమ్మంటే ఆ మంగళవారం గుర్తుండదు. రాకపోతే ఫైల్లో ‘మానాలన్న పట్టుదల లేదు’ అని రాసేస్తారు. ఇది నన్ను బాగా బాధపెట్టే మాట. మెదడులో ఉత్సాహాన్ని నడిపించే డోపమిన్ వ్యవస్థ దెబ్బతింటే కోలుకోవడానికి ఏడాదికి పైగా పట్టొచ్చు. అప్పటిదాకా జ్ఞాపకం, ఉత్సాహం రెండూ అంతంతమాత్రమే. ఇది తెలిసిన కౌన్సెలర్ ఆ రోజు గంటసేపు క్లాసు పీకరు. తిన్నారా, పడుకున్నారా అని కనుక్కుని, తేదీ కాగితం మీద రాసిచ్చి, ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేస్తారు. గోడ అవతల ఎవరో ఉన్నారని భయపడుతుంటే వాదించరు. గొంతు తగ్గించి, తలుపుకు అడ్డం లేకుండా కూర్చుంటారు.

ఇప్పటిదాకా బలమైన రుజువులున్న పద్ధతి కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. సాధారణంగా వారానికి రెండుసార్లు యూరిన్ టెస్ట్ చేస్తారు, నెగెటివ్ వస్తే అక్కడికక్కడే వోచర్ ఇస్తారు. వరుసగా నెగెటివ్ వచ్చేకొద్దీ దాని విలువ పెరుగుతుంది, పాజిటివ్ వస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రులు 2011 నుంచి దీన్ని విస్తృతంగా వాడుతున్నాయి. ‘మానినందుకు ఎదురు డబ్బులిస్తామా?’ అనే అభ్యంతరం సిబ్బందిలోనే వినిపిస్తుంది. దాన్ని కొట్టిపారేయకుండా, శిక్షణలోనే కూర్చోబెట్టి మాట్లాడాలి. మనసొప్పని చేత్తో ఇచ్చిన వోచర్ అవతలి వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. వచ్చే వారం ఇస్తామన్నా సగం బలం పోయినట్టే.

ఇవన్నీ ఒక్కరోజు వర్క్‌షాప్‌తో వచ్చేవి కావు. అనుభవమున్న సూపర్‌వైజర్ సెషన్లు విని, ఎక్కడ తొందరపడ్డారో చెబుతూ నెలల తరబడి వెంట ఉండాలి. మెత్ నుంచి బయటపడి ఇప్పుడు తోటివాళ్లకు అండగా నిలుస్తున్న వాళ్లకు సరైన జీతం, సెలవు, ఉద్యోగ భద్రత ఇవ్వాలి. చాలీచాలని జీతంతో, తలకు మించిన కేసులతో కౌన్సెలర్ టెన్షన్ తట్టుకోలేక వెళ్లిపోతే, ఆ మూడో రోజు మనిషి తన కథంతా కొత్తవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. చాలామంది చెప్పరు. ఇక రారు.