మన వాటా అడిగే ముందు

మలేషియాలో భారతీయుల కోసం ఇచ్చే నిధిలో తెలుగువారికి ప్రత్యేక వాటా అడగాలన్న మాట మన సమావేశాల్లో వినబడుతోంది. దానికి జవాబు చెప్పే ముందు కొంత వెనక్కి చూద్దాం. ప్రతి ఏటా ఎస్‌పీఎం (స్కూలు చివరి పరీక్ష) ఫలితాలు వచ్చిన వారంలో మన ఇళ్లల్లో ఒకటే చర్చ. యూనివర్సిటీకి ముందు ప్రభుత్వం చెప్పే ఏడాది చదువు, మెట్రిక్యులేషన్‌లో సీటు వస్తుందా, రాదా? అందులో 90 శాతం సీట్లు భూమిపుత్రులకు, అంటే మలయ్ వారికీ ఇతర స్థానిక జాతులకూ. మిగిలిన 10 శాతంలోనే చైనీయులూ, తమిళులూ, మలయాళీలూ, పంజాబీలూ, మనమూ సర్దుకోవాలి. 2019లో సీట్లను 25 వేల నుంచి 40 వేలకు పెంచారు గాని ఆ నిష్పత్తిని మాత్రం కదపలేదు. సీటు దొరికిన పిల్లవాడు ఏడాదిలో యూనివర్సిటీ గుమ్మం దగ్గర ఉంటాడు. దొరకనివాడు ఏడాదిన్నర, యూనివర్సిటీకి మరో దారైన ఎస్‌టీపీఎంతో కుస్తీ పట్టాలి, లేదంటే తండ్రి అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో చేర్చాలి.

పదో అంతకన్నా ఎక్కువో 'ఏ' గ్రేడులు తెచ్చుకున్న పిల్లలందరికీ జాతితో నిమిత్తం లేకుండా మెట్రిక్యులేషన్ సీటు ఇస్తామని 2024లో ప్రధాని అన్వర్ ఇబ్రహీం ప్రకటించారు. మంచి నిర్ణయం, మనస్ఫూర్తిగా స్వాగతించాలి. కానీ పది 'ఏ'లు తెచ్చుకునే పిల్లల్లో ఎక్కువమంది ట్యూషన్లకు డబ్బు కట్టగలిగిన ఇళ్లవాళ్లే. తల్లి ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తుంటే తమ్ముళ్లకు వండిపెట్టి, రాత్రి పుస్తకం తెరిచి ఏడు 'ఏ'లు తెచ్చుకున్న అమ్మాయి సంగతేమిటి? ఆమె పేరు లక్ష్మి అయినా, ఆయిషా అయినా నా ప్రశ్న అదే.

జాతిని బట్టి వాటా ఇచ్చే ఈ విధానం ఊరికే పుట్టలేదు. మలయ్ వారిని వరి పొలాల్లో, చేపల రేవుల్లో, చైనీయులను తగరపు గనుల్లో, మనవాళ్లను రబ్బరు, కొబ్బరి తోటల్లో ఉంచి పాలించినవాళ్లు ఆంగ్లేయులు. 1970లో మలేషియా ద్వీపకల్పంలోని మలయ్ కుటుంబాల్లో 65 శాతం పేదరికంలో ఉన్నాయి. భారతీయుల్లో అది 39 శాతం, చైనీయుల్లో 26 శాతం. 1969 మే 13 నాటి జాతి అల్లర్ల తర్వాత, 1971లో ప్రధాని తున్ అబ్దుల్ రజాక్ ప్రభుత్వం కొత్త ఆర్థిక విధానం తెచ్చింది. కెలంతాన్ రాష్ట్రపు మలయ్ రైతుకు అప్పుడు చేయూత ఇవ్వడం తప్పని నేనెప్పుడూ అనను. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడితే పక్కవాడు ఏడవకూడదు.

ఆ విధానానికి లక్ష్యాలు రెండు. మొదటిది, జాతితో సంబంధం లేకుండా పేదరికాన్ని తొలగించడం. రెండోది, ఫలానా జాతికి ఫలానా పని అన్న ముద్ర చెరిపేలా సమాజాన్ని మార్చడం. కంపెనీల వాటాల్లో 30 శాతం భూమిపుత్రుల చేతికి రావాలన్న లెక్క ఈ రెండోదాని కిందిదే. పేదరికం చాలా తగ్గింది, అది నిజమైన విజయం. కానీ పాలించేవారి మనసంతా రెండో లక్ష్యం మీదే నిలిచింది. అక్కడే అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అన్న సామెత నిజమైంది. ఆ 'అయినవాళ్ల'లో పేద మలయ్ రైతు ఎక్కడున్నాడో వెతకాలి. విదేశీ కార్ల దిగుమతి పర్మిట్ల జాబితా 2005లో బయటపడితే, వేలకొద్దీ పర్మిట్లు గుప్పెడు కంపెనీలకే వెళ్లాయని తేలింది.

ఇళ్ల సంగతే చూడండి. కొత్త ఇల్లు కొంటే భూమిపుత్రులకు రాష్ట్రాన్ని బట్టి 5 నుంచి 15 శాతం దాకా ధర తగ్గుతుంది. కొనేవాడి ఆదాయం ఎంతని ఎవరూ అడగరు. కోట్ల ఆస్తి ఉన్న కార్పొరేట్ డైరెక్టరు బంగళా కొంటే రాయితీ ఉంది. ఎస్టేటు కూలీల లైను ఇంట్లో పుట్టి, లారీ నడిపి కూడబెట్టినవాడు చిన్న ఫ్లాటు కొంటే లేదు. జాతి చూసి పంచేటప్పుడు పేదవాడు కనబడడు.

మనవాళ్లు సరిగ్గా ఆ సందులోనే జారిపోయారు. పొలం, ఇల్లు ఇచ్చి నిలబెట్టిన ఫెల్డా అనే ప్రభుత్వ భూమి సంస్థ పథకాల్లో భారతీయ కుటుంబాలు బహు తక్కువ. ఎస్టేట్లు అమ్ముడై ఇళ్ల కాలనీలు, గోల్ఫ్ మైదానాలు అయినప్పుడు మనవాళ్లకు పనితోపాటు ఇల్లూ పోయింది. చాలాచోట్ల గుడీ బడీ కూడా పోయాయి. కంపెనీ వాటాల్లో భారతీయుల భాగం 1970లో ఒక శాతం చిల్లర. ఇరవై ఏళ్ల తర్వాత, 1990లోనూ ఒక్క శాతమే.

సరే, మన నాయకుడుంటే మనకు మేలు చేస్తాడు కదా అనుకునేవారికి మైకా హోల్డింగ్స్ కథ గుర్తుచేయాలి. భారతీయులకూ ఆర్థిక వాటా రావాలని 1982లో భారతీయుల పార్టీ ఎంఐసీ (మలేషియన్ ఇండియన్ కాంగ్రెస్) పెట్టించిన కంపెనీ అది. 66 వేల మందికి పైగా షేర్లు కొన్నారు, పది కోట్ల రింగిట్లకు పైగా పోగైంది. తాళిబొట్టు కుదువబెట్టి కట్టిన తోట కూలీలున్నారు. 1990లో ప్రభుత్వం మైకాకు కోటి టెలికాం షేర్లు కేటాయిస్తే, పది లక్షలే కంపెనీకి చేరాయి. మిగతా తొంభై లక్షలు వేరే మూడు కంపెనీలకు వెళ్లాయి. ఎవరికీ శిక్ష పడలేదు. పెట్టినవారిలో చాలామందికి దాదాపు ముప్పై ఏళ్లకు రింగిట్టుకు (నూరు సెన్లకు) 80 సెన్ల చొప్పున తిరిగొచ్చింది. ఎవరికి ఎంత అందిందో చూపించాల్సిన అవసరం లేనప్పుడు ఏ జాతి నాయకుడైనా ఇదే చేస్తాడు.

అందుకే, భారతీయుల నిధిలో తెలుగువారికి ప్రత్యేక వాటా అడగాలని మన సమావేశాల్లో వినబడే మాటతో నేను ఏకీభవించలేను. తమిళుల సంఖ్య ఎక్కువ కాబట్టి అన్నీ వాళ్లకే పోతున్నాయన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ పేరాక్ రాష్ట్రంలోని భాగాన్ డాతోలో కష్టపడే తెలుగు కుటుంబానికీ, పక్క ఇంటి తమిళ కుటుంబానికీ కష్టం ఒకటే. వాళ్లిద్దరినీ విడదీసి అడిగితే మధ్యలో నిలబడి పంచే నాయకుడికే పండగ. భాష సంగతి వేరు. తెలుగు తరగతులకు, గురువులకు, పుస్తకాలకు సాయం కావాలని తెలుగువారిగానే గట్టిగా అడుగుదాం, మనం అడక్కపోతే ఇంకెవరూ అడగరు. సీటు, ఇల్లు, వైద్యం మాత్రం కుటుంబ ఆదాయం చూసి ఇవ్వమని అడుగుదాం. మలయ్ పేదలను కూడా మన విన్నపంలో చేర్చుదాం.

ఇది ముందు మన చేతుల్లో ఉన్న డబ్బుతోనే మొదలుపెట్టవచ్చు. విద్యా సాయానికి మన తెలుగు సంఘం తీసుకునే దరఖాస్తులో తల్లిదండ్రుల జీతం స్లిప్పు మొదటి పేజీలోకి రావాలి, కమిటీ సభ్యుడి సిఫారసు గడి తీసేయాలి. సాయం అందినవారి జాబితాను, పేర్లు లేకుండా ఆదాయాలతో, ఇదే పత్రికలో ఏటా వేయాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడతాను. బలపరచేవారు ముందే చెప్పండి.