యజమానికి జీతం ఇచ్చే భాగ్యం

ప్రపంచంలో ఎక్కడైనా యజమాని పనివాడికి జీతం ఇస్తాడు. ఇది పాత పద్ధతి, కాస్త మోటు పద్ధతి కూడా. పనివాడే తన సంపాదనలోంచి వారం వారం యజమానికి రుసుము కట్టి, యజమాని కట్టాల్సిన పన్ను కూడా తానే భరించి, ఆపైన ఆన్‌లైన్‌లో ఐదు స్టార్ల రివ్యూ రాసే పద్ధతిని కనిపెట్టిన ఘనత బ్రిటన్‌ది. దాన్ని అంబ్రెల్లా కంపెనీ అంటారు: పని క్లయింటు దగ్గర, పని ఇప్పించేది ఏజెన్సీ, కాగితం మీద యజమాని మాత్రం ఇది. స్లౌ, రెడింగ్, హౌన్‌స్లో, మిల్టన్ కీన్స్‌లలో ఉంటూ కొత్తగా కాంట్రాక్టింగ్‌లోకి దిగుతున్న మన ఐటీ సోదర సోదరీమణులకు ఈ భాగ్యం గురించి నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు ఫోన్ వస్తుంది. "రోజుకు 500, ఇన్‌సైడ్, ఆరు నెలలు, ఎక్స్‌టెన్షన్ దాదాపు పక్కా" అంటాడు రిక్రూటర్. మనవాడి చెవిలో 500 ఒక్కటే పడుతుంది. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే లక్షా పదివేల పౌండ్లు. రూపాయల్లోకి మారిస్తే కోటి దాటింది. ఫోన్ పెట్టేసేలోపు కొంపల్లిలో విల్లా చూసేశాడు, బావమరిదికి మెసేజ్ కూడా పెట్టేశాడు.

ఆ "ఇన్‌సైడ్" అన్నది ఐఆర్ 35 సంగతి. సొంతంగా ఒక లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని, జీతం కొంచెం, డివిడెండ్ ఎక్కువ తీసుకుంటూ, ఆఫీసులో మాత్రం అచ్చం ఉద్యోగిలాగే పనిచేసేవాళ్ల కోసం 2000 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధన ఇది. దాని లోపల పడితే ఉద్యోగిలాగే పన్ను కట్టాలి, బయట ఉంటే అక్కర్లేదు. చాలాకాలం పాటు లోపలున్నామో బయటున్నామో కాంట్రాక్టర్లే తేల్చుకునేవారు. సహజంగానే అందరూ బయటే తేలేవారు. 2017లో ప్రభుత్వ సంస్థల్లో, 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని పెద్ద, మధ్యస్థాయి కంపెనీల్లో ఆ నిర్ణయం క్లయింటు చేతికి వెళ్లింది. తేడా వస్తే పన్ను తమ నెత్తిన పడుతుందని తెలిశాక చాలా కంపెనీలు, ముఖ్యంగా బ్యాంకులు, ఎవరు ఏమిటని చూడకుండా అందరినీ లోపలికి తోసి తలుపేశాయి. లోపల కూర్చోబెట్టి పేస్లిప్ ఇవ్వడానికి ఒక యజమాని కావాలి కదా. ఏజెన్సీకి ఆ పని వద్దు, క్లయింటుకు అసలే వద్దు. అంబ్రెల్లా కంపెనీల దశ అలా తిరిగింది.

ఇక పేస్లిప్ దగ్గరికి వద్దాం. బంగారం కొట్లో తరుగు, మజూరీ చూసి కళ్లు తేలేసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. వారానికి 2,500 పౌండ్లు ఏజెన్సీ నుంచి వచ్చాయి. అంబ్రెల్లా కంపెనీ తీసుకునే రుసుము, అదే మార్జిన్, 25 పోయింది. తర్వాత యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద వేసే సామాజిక బీమా పన్ను), 2025 ఏప్రిల్ నుంచి 15 శాతం, సుమారు 309. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ లెవీ అర శాతం, ఓ 11. దేశంలో ఎక్కడో ఒక కుర్రాడు ప్లంబింగ్ నేర్చుకుంటున్నాడు, మన ఖర్చుతో, గర్వపడదాం. యజమాని తన వాటా పన్నును ఉద్యోగి జీతంలోంచి కోయడం చట్టరీత్యా కుదరదు. అందుకే కోయరు. ముందే పక్కకు తీసేసి, మిగిలిన 2,155కి జీతం అని పేరు పెడతారు. చట్టాన్ని ఇంత గౌరవించేవాళ్లను నేనింకెక్కడా చూడలేదు.

ఆ 2,155 మీద ఆదాయపు పన్ను 620. ఈసారి మన వాటా నేషనల్ ఇన్సూరెన్స్ 82. పెన్షన్ వద్దని రాసిచ్చినా చేతికి వచ్చేది సుమారు 1,453. అంటే 58 శాతం. అదీ ఎంతవరకు పన్ను మినహాయింపో చెప్పే ట్యాక్స్ కోడ్ సరిగ్గా 1257ఎల్ పడితే. పాత కంపెనీ పీ45 (ఉద్యోగం వదిలినప్పుడు ఇచ్చే పన్ను కాగితం) సమయానికి రాక మరో కోడ్ పడితే మొదటి వారాల్లో కొంపల్లి విల్లాకు ప్రహరీగోడ కూడా మిగలదు.

సెలవు జీతం ముచ్చట మరీ కమ్మగా ఉంటుంది. ఏడాదికి 5.6 వారాల సెలవు చట్టబద్ధమైన హక్కు, లెక్కల్లో 12.07 శాతం. ఈ డబ్బు కూడా ఆ 2,155లోంచే వస్తుంది. కొన్ని కంపెనీలు దాన్ని వారం వారం జీతంతో కలిపి ఇచ్చేస్తాయి. మరికొన్ని తీసి భద్రంగా దాస్తాయి. మనం సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు అడిగితే మన డబ్బు మనకే ఇచ్చి "ఎంజాయ్ యువర్ హాలిడే" అంటాయి. లీవ్ ఇయర్ ముగిసేలోపు అడగడం మర్చిపోతే అది వాళ్ల దగ్గరే ఉండిపోయిన సందర్భాలు బోలెడు. సిగ్గుపడి అడగని మర్యాదస్తుల మీద ఈ దేశంలో ఎన్ని వ్యాపారాలు నడుస్తున్నాయో!

ఇప్పుడు అసలు సమస్య: ఇలాంటి కంపెనీలు వందల్లో ఉంటే ఏది ఎంచుకోవాలి? మనవాడు ఎక్సెల్ తెరుస్తాడు. ఒక కాలమ్‌లో మార్జిన్, ఒక దాంట్లో రివ్యూలు, మరో దాంట్లో సినిమా టికెట్ మీద డిస్కౌంట్, జిమ్ ఆఫర్, "మీ సొంత రిలేషన్‌షిప్ మేనేజర్". రాత్రంతా కూర్చుంటే తెల్లారేసరికి ఒక భయంకరమైన నిజం బయటపడుతుంది. చట్టప్రకారం నడిచే కంపెనీలన్నీ చేతికిచ్చేది దాదాపు ఒకటే. పన్ను రేట్లు పార్లమెంటు పెట్టినవి, వాటిలో బేరం లేదు. తేడా అల్లా వారానికి ఐదో పదో పౌండ్ల మార్జిన్. మనిషి మనసు దీన్ని ఒప్పుకోదు. ఇంత పెద్ద మార్కెట్లో ఎక్కడో ఒకచోట ఎక్కువిచ్చేవాడు ఉండే ఉంటాడని దాని నమ్మకం.

ఉంటాడు. ఆదివారం బర్త్‌డే పార్టీలో దొరుకుతాడు. కమ్యూనిటీ హాల్లో ఫాయిల్ ట్రేల పక్కన, బిర్యానీలో ముక్క వెతుక్కుంటూ అడుగుతాడు:

"చేతికి ఎంత పడుతోంది తమ్ముడూ?"

"58 శాతం అన్నా."

అన్న ముఖంలో జాలి. "నాకు 85."

"లీగలేనా అన్నా?"

"లాయర్ లెటర్ ఉంది. హెచ్‌ఎంఆర్‌సీ అప్రూవ్డ్. నా పేరు చెప్పి చేరు, ఇద్దరికీ వోచర్ వస్తుంది."

తాను ఏ స్కీమునూ ఆమోదించనని హెచ్‌ఎంఆర్‌సీ, అంటే ఇక్కడి పన్నుల శాఖ, స్వయంగా చెప్పుకుంటుంది. అయినా ఈ 85 శాతం వెనక ఉన్న ఇంజినీరింగ్ చూడాల్సిందే. జీతం కనీస వేతనం దగ్గర ఆపేస్తారు, పన్ను దాని మీదే కడతారు. మిగతాది అప్పు. ఒక్కోసారి అడ్వాన్స్ అంటారు, యాన్యుటీ అంటారు, క్రెడిట్ అంటారు. ఇచ్చేది ఐల్ ఆఫ్ మ్యాన్‌లాంటి చోట ఉండే ఏదో ట్రస్టు. తీర్చనక్కర్లేదని నోటిమాటగా చెబుతారు, కాగితం మీద మాత్రం అప్పనే ఉంటుంది. ఋణానుబంధం అంటే ఆలుబిడ్డలే అని మన పెద్దలు అనుకున్నారు, పాపం. వాళ్లకు ఆఫ్‌షోర్ ట్రస్టుల సంగతి తెలియదు.

ఆ అనుబంధం ఎంతదూరం వచ్చిందో పాతకాపులను అడగండి. 2016 బడ్జెట్‌లో ప్రకటించిన లోన్ ఛార్జ్ 2019 ఏప్రిల్ 5న అమల్లోకి వచ్చింది. తీరని పాత అప్పులన్నిటినీ కుప్పపోసి ఒకే ఏడాది ఆదాయంగా లెక్కగట్టి పన్ను అడిగింది. మొదట 1999 దాకా తవ్వారు. గొడవయ్యాక ప్రభుత్వం సమీక్ష జరిపించి, 2010 డిసెంబర్ 9కి ముందువాటిని వదిలేసింది. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. నోటీసు వచ్చింది సంతకం పెట్టినవాడికే. స్కీము అమ్మినవాడు ఆ కంపెనీ మూసేసి, పేరులో ఒక అక్షరం మార్చి, మళ్లీ బోర్డు కట్టుకుంటాడు. వీసా మీద ఉన్న మనవాళ్లకు మరో ముల్లు కూడా ఉంది. పన్ను లెక్కల్లో తేడాలున్నాయని 2018 ప్రాంతంలో టియర్ 1 జనరల్ వీసా వారి ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాసం) దరఖాస్తులు ఎన్ని తిరస్కరణకు గురయ్యాయో అప్పుడు ఇక్కడున్నవాళ్లకు గుర్తే. ఆ 85 శాతం అన్నయ్య ఫాయిల్ ట్రే దగ్గర ఇది చెప్పడు. బహుశా అతనికీ ఇంకా కవరు అంది ఉండదు.

ఏజెన్సీలు ఇన్నాళ్లూ ఏం చేశాయంటే, "మా ప్రిఫర్డ్ లిస్టు ఇదిగో" అని నాలుగు పేర్లు పంపేవి. ఆ ప్రేమ ఎందుకో విడమర్చి చెప్పనక్కర్లేదు. కొత్త కాంట్రాక్టరును పంపినందుకు ఏజెన్సీకి ముట్టే కమిషన్ ఈ రంగంలో బహిరంగ రహస్యం. 2026 ఏప్రిల్ 6 నుంచి మాత్రం అంబ్రెల్లా పన్ను ఎగ్గొడితే ఆ బాకీని ఏజెన్సీ నుంచి, మధ్యలో ఏజెన్సీ లేకపోతే క్లయింటు నుంచి రాబట్టే అధికారం హెచ్‌ఎంఆర్‌సీకి వచ్చింది. నైతిక విలువలు పెరగడానికి ఇంతకన్నా మంచి ఎరువు లేదు. నిన్నటిదాకా "ఏదైనా ఫర్లేదు, సోమవారానికి చేరండి" అన్న రిక్రూటరే ఇప్పుడు పన్నుల పవిత్రత మీద ప్రవచనం చెబితే ఆశ్చర్యపోకండి.

చేరే ముందు రెండు పేజీలు మించని కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ ఒకటి ఏజెన్సీ ఇవ్వాలి. 2020 ఏప్రిల్ నుంచి అది చట్టం. ఏయే కోతలుంటాయో, చివరికి చేతికెంత వస్తుందో అందులో ఉదాహరణతో సహా ఉంటుంది. దాన్ని చదివినవాళ్లను నేను ఒకరిద్దరినే చూశాను, వాళ్లూ టెస్టింగ్‌వాళ్లు. అంబ్రెల్లాలను తనిఖీ చేసే ఎఫ్‌సీఎస్‌ఏ, ప్రొఫెషనల్ పాస్‌పోర్ట్ లాంటి సంస్థల గుర్తింపు ఉందని కంపెనీ లోగో తగిలించుకుంటే సరిపోదు, ఆ సంస్థల జాబితాలో పేరుందో లేదో మనమే చూసుకోవాలి. సెలవు డబ్బు ఎలా ఇస్తారు, శాలరీ శాక్రిఫైస్‌తో (పన్ను పడకముందే జీతంలోంచి తీసి) మన పెన్షన్‌లో వేసుకోనిస్తారా అన్నవి అడగాలి. నిజంగా డబ్బు తేడా వచ్చేది అక్కడే. కానీ అవేవీ ఎక్సెల్‌లో కాలమ్‌కు ఎక్కవు.

మనవాడు మాత్రం మార్జిన్ దగ్గరే పట్టుపట్టాడు. చీరల కొట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న విద్య ఊరికే పోతుందా? మూడు కంపెనీల కోట్‌లు ఒకరివి ఒకరికి చూపించి, ఇద్దరు మేనేజర్లతో మాట్లాడి, "లేదంటే వెళ్లిపోతా" అని ఫోన్ పెట్టేసి, 25ను 20కి దించాడు. పార్టీలో అందరికీ చెప్పాడు. మిగిలిన ఆ ఐదు పౌండ్లు జీతంలో కలిశాయి. అందులోంచి యజమాని వాటా పోయింది, లెవీ పోయింది, 40 శాతం పన్ను పోయింది, నేషనల్ ఇన్సూరెన్స్ రెండు శాతం పోయింది. వారానికి రెండు పౌండ్ల యాభై ఒక్క పెన్నీ లాభం. ఇప్పుడు ఆ కాలమ్‌కు ఆకుపచ్చ రంగు వేసి, ఎక్సెల్ ఫైలు గ్రూపులో పెట్టాడు, కొత్తవాళ్లకు పనికొస్తుందని.