చేత్తో చేసిన పాయింట్ల మీద బండి పట్టాలు తప్పుతుందా?

"మోడల్ రైల్వే పాయింట్లు (బండిని ఒక లైను నుంచి మరో లైనులోకి మళ్లించే పట్టాల అమరికలు) చేత్తో చేయడం నిపుణుల పని. ఖరీదైన జిగ్‌లు (పట్టాలను సరైన కొలతలో పట్టి ఉంచే అచ్చులు) కావాలి, కరెంటు షార్ట్ అవుతుంది, ఇంతా చేశాక బండి పట్టాలు తప్పుతుంది. రెడీమేడ్ కొనుక్కోండి." ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు తరచూ వినిపించే సలహా ఇది. ఇది విని మొదలే పెట్టనివాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఇందులో చాలావరకు తప్పు.

పట్టాలు తప్పుతుందన్న భయం ముందు చూద్దాం. పాయింట్‌లో సున్నితమైన చోటు క్రాసింగ్. అక్కడ ఒక పట్టా మరోదాన్ని దాటాలి కాబట్టి చక్రపు అంచు పోవడానికి సందు వదలాలి. ఆ సందు దగ్గర చక్రం క్రాసింగ్ ముక్కుకు, అంటే రెండు పట్టాలు కలిసే కొసకు, కొట్టుకోవచ్చు, తప్పు దారిలోకీ పోవచ్చు. అలా కాకుండా కాపాడేది ఎదుటి పట్టా పక్కనుండే చెక్ రైల్. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటాయి కదా, అవతలి చక్రాన్ని చెక్ రైల్ తన వైపు పట్టి ఉంచితే ఇవతలిది ముక్కుకు తగలకుండా వెళ్లిపోతుంది. అంటే ముక్కుకూ చెక్ రైల్‌కూ మధ్య దూరం సరిగ్గా ఉండాలి. చెయ్యి ఎంత తిరిగినదైనా ఈ దూరాన్ని కొలిచే తీరాలి. అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ కొలతల ప్రకారం చేసిన గేజ్ పలకను పట్టాల మీద ఆనిస్తే అది సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. తేడా ఉంటే పట్టాను స్లీపర్‌కు అంటించిన టంకం కరిగించి, పట్టాను కాస్త జరిపి మళ్లీ కొలవొచ్చు. ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన పాయింట్‌కు ఈ వెసులుబాటు ఉండదు.

జిగ్‌లు ఒకే రకం పాయింట్లు చాలా చేసేవాళ్లకు నిజంగా ఉపయోగం. రెండో మూడో చేసుకునేవాళ్లకు కాగితం మీద ప్రింట్ తీసిన టెంప్లేట్, రాగి పూత ఉన్న స్లీపర్లు, సోల్డరింగ్ ఐరన్, మంచి ఆకురాయి, గేజ్ చాలు. 6వ నంబరు క్రాసింగ్ అంటే 6 కొలతలు ముందుకు పోతే 1 కొలత పక్కకు విడిపోవడం, సుమారు తొమ్మిదిన్నర డిగ్రీల కోణం. ఆ కోణం టెంప్లేట్‌లోనే ఉంటుంది. పట్టాను దాని మీద పెట్టి చూసుకుంటూ ఓపిగ్గా అరగదీయాలి.

కరెంటు విషయంలో హెచ్చరిక సబబే, భయం మాత్రం అక్కర్లేదు. స్లీపర్ మీది రాగి పూతను మధ్యలో కోయకపోతే రెండు పట్టాలూ కలిసి షార్ట్ అవుతుంది. ప్రతి స్లీపర్‌నూ కోసి, మల్టీమీటర్‌తో చూసుకోవాలి. లోహపు క్రాసింగ్‌కు అటూ ఇటూ పట్టాలో సందు కోసి, దారి మార్చడానికి కదిలే టంగ్ రైల్స్‌తో పాటే మారే స్విచ్ ద్వారా దానికి కరెంటు ఇవ్వాలి. ఇంత శ్రమ ఎందుకంటే, క్రాసింగ్ ప్లాస్టిక్‌దైతే అక్కడ కరెంటు ఉండదు. చక్రాలు దగ్గర దగ్గరగా ఉన్న చిన్న ఇంజన్లు దాని మీద నెమ్మదిగా వెళ్తూ ఆగిపోయే అవకాశం ఉంది.

రెడీమేడ్‌తో సమయం కలిసొస్తుందన్నది నిజమే. మామూలు పాయింట్లు సరిపోయే లేఅవుట్ అయితే కొనుక్కోవడంలో తప్పులేదు. కానీ అవి కంపెనీ నిర్ణయించిన కొన్ని వంపుల్లోనే వస్తాయి. మీ లైను ఒక వంపులో ఉండగానే మరో వంపులోకి విడిపోవాలంటే, ఆ కొలతకు సరిపోయే పాయింట్ దొరకనప్పుడు మీ లైనునే మార్చుకోవాల్సి వస్తుంది. చేత్తో చేసుకుంటే టెంప్లేట్‌ను మీ వంపుకు తగ్గట్టు గీసుకుంటారు, పట్టాలను దాని ప్రకారం వంచుకుంటారు.